బ్రౌజర్ ‘ప్లే చేయలేదు’ అంటే చేయడం రాకనా, చేయకనా?

అరసున్న:
ఒక పాఠాల సైటులో వీడియో ప్లేయర్ సందేశాలను తెలుగు చేస్తున్నాం. ఇప్పటికి ఉన్నది ఇదొక్కటే: ‘మీ బ్రౌజర్ ఈ వీడియోను ప్లే చేయలేదు. దయచేసి కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి.’ ఏ లోపం వచ్చినా ఇదే కనిపిస్తుంది. కొందరు దీన్ని ‘ఈసారి చేయలేదు’ అని చదువుకుని పదే పదే రిఫ్రెష్ కొడుతున్నారు. ఇంకొందరు ‘దీనికి చేతకాదు’ అనుకుని బ్రౌజర్‌నే తీసేస్తున్నారు. ఈ రెండు అర్థాలనూ విడదీసే మాటలు కావాలి. ప్లేయర్ మాకు నాలుగు ఎర్రర్ కోడ్‌లు ఇస్తుంది, ఆటోప్లే (వీడియో దానంతటదే మొదలవడం) నిరాకరణ విడిగా వస్తుంది.

లింగవచనం:
ఇద్దరూ సరిగ్గానే చదివారండీ, వాక్యానిదే తప్పు. ‘చేయ’ మీద ‘లేదు’ చేరితే పని జరగలేదని అర్థం. ఈ రూపం ఎవరికైనా మారదు: నేను చేయలేదు, వాడు చేయలేదు, అవి చేయలేదు. శక్తి లేదని చెప్పే ‘లే’ మాత్రం కర్తను బట్టి మారుతుంది: చేయలేను, చేయలేడు, చేయలేవు. ‘ఆమె’కూ ‘అది’కీ వచ్చేసరికి అదీ ‘చేయలేదు’ అవుతుంది, రెండూ కలిసిపోతాయి. బ్రౌజర్ ‘అది’ కాబట్టి మీ వాక్యం సరిగ్గా ఆ ఇరుకులో పడింది. మాట్లాడేటప్పుడు సందర్భం తేల్చేస్తుంది, ఎర్రర్ పెట్టెలో ఆ సందర్భం ఎక్కడిది?

బయటపడే దారులు రెండున్నాయి. ఒకటి, కర్తను బహువచనం చేయడం: ‘పాత బ్రౌజర్లు ఈ వీడియోను ప్లే చేయలేవు.’ ఇందులో సందేహానికి తావు లేదు. రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, బ్రౌజర్‌ను పక్కనపెట్టి వీడియోనే కర్త చేయడం. ‘ప్లే కాదు’ అంటే ఎన్నిసార్లు నొక్కినా అంతే. ‘ప్లే కాలేదు’ అంటే ఈసారికి కాలేదు. ‘ప్లే కావడం లేదు’ అంటే ఈ క్షణాన సంగతి. ప్రయత్నం జరిగి విఫలమైందని చెప్పాలంటే ‘ప్లే చేయలేకపోయింది’ ఉండనే ఉంది. నాలుగో కోడ్ అంటే ఫార్మాట్ పనికిరాదని కదా? దానికి ‘ప్లే కాదు’, మిగతావాటికి ‘ప్లే కాలేదు’ పెట్టండి, సరిపోతుంది.

పిక్సెల్ పంతులు:
వ్యాకరణం బాగుంది గానీ నాలుగో కోడ్‌ను పేరు చూసి నమ్మకండి. ముందు మిగతా మూడూ చూద్దాం. 1: చూసేవారి వైపు నుంచే ఆగింది, దానికి సందేశమే అక్కర్లేదు. 2: వీడియో రావడం మొదలయ్యాక నెట్‌వర్క్ తెగింది. 3: డేటా చేరింది కానీ దాన్ని విప్పి బొమ్మగా మారుస్తుండగా, అంటే డీకోడ్ చేస్తుండగా చెడింది. ఫైల్ పాడై ఉండొచ్చు, గ్రాఫిక్స్ డ్రైవర్ తప్పు కూడా కావచ్చు. అలాంటప్పుడు బ్రౌజర్ సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ (ఈ పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే ఎంపిక) ఆపి, బ్రౌజర్ మూసి తెరిచి చూడాలి.

4 పేరుకే ‘ఈ ఫార్మాట్ తెలియదు’. ఫైల్ సర్వర్‌లో లేక 404 వచ్చినా ఇదే కోడ్. సర్వర్ ఎంపీ4 ఫైల్‌కు కంటెంట్-టైప్‌ను (ఫైల్ ఏ రకమో చెప్పే చీటీ) ‘వీడియో/ఎంపీ4’ అనకుండా మామూలు టెక్స్ట్ అని పంపినా ఇదే రావచ్చు. సర్వర్ సర్దగానే బాగుపడే వీడియోకు ‘ప్లే కాదు’ అని తీర్పు చెబితే అది అబద్ధం. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ ఫైల్ వరసను చూడండి. 404 (దొరకలేదు), 403 (ఇవ్వను) ఉంటే తప్పు మీ సర్వర్‌ది. 206 (అడిగిన ముక్క ఇచ్చాను) ఉండి కంటెంట్-టైప్ కూడా సరిగ్గా ఉంటే అప్పుడు కోడెక్‌ను, అంటే వీడియోను కుదించిన పద్ధతిని అనుమానించాలి. 206 బదులు 200 వస్తే సర్వర్ ఫైల్‌ను ముక్కలుగా ఇవ్వడం లేదన్నమాట. సఫారీ అలాంటి సర్వర్ నుంచి వీడియోను ప్లే చేయదు, క్రోమ్ చాలాసార్లు సర్దుకుపోతుంది. ‘ఐఫోన్‌లో మాత్రమే రావట్లేదు’ అనే ఫిర్యాదు వస్తే నేను మొదట చూసేది దీన్నే.

కాబట్టి 4 రాగానే మీ కోడ్ ఆ ఫైల్‌కు ఒక హెడ్ రిక్వెస్ట్ (ఫైల్ కాకుండా దాని వివరాలు మాత్రమే అడిగేది) పంపి, జవాబును బట్టి సందేశం ఎంచుకోవాలి. ఫైల్ వేరే డొమైన్‌లో ఉంటే ఈ తనిఖీకి ఆ సర్వర్‌లో సీఓఆర్‌ఎస్ అనుమతి (వేరే సైటు కోడ్‌ను జవాబు చదవనిచ్చేది) కూడా ఉండాలి.

ఓరుగల్లు వాక్యం:
మా దిక్కు మూడు మాటలల్లనే అన్నీ చెప్తరు: ‘వస్తలేదు’, ‘తిరుగుతనే ఉంది’, ‘స్ట్రక్ అయితుంది’. మీరు పెట్టెల ఎంత మంచిగ రాసినా, ఫోన్ చేసి చెప్పేటోళ్లు గీ మూడింట్ల ఏదో ఒకటే అంటరు. పంతులు గారూ, తిరుగుడుకు, స్ట్రక్‌కు లోపల నిజంగ తేడా ఉంటదా?

పిక్సెల్ పంతులు:
ఉంటుంది, ఈ తేడా జనం మాటలోనే చక్కగా ఉంది. చక్రం తిరుగుతుంటే డేటా చాలడం లేదు. బొమ్మ కదులుతూ ఆగుతూ ఉండి, శబ్దం మాత్రం సాఫీగా పోతుంటే డేటా ఉంది, యంత్రం అందుకోలేకపోతోంది. దీన్నే జనం స్ట్రక్ అంటారు. యూట్యూబ్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరిస్తే తెలిసిపోతుంది. బఫర్ హెల్త్ (ముందే దిగి ఉన్న వీడియో ఎన్ని సెకన్లో చెప్పే అంకె) సున్నా దగ్గర కొట్టుకుంటుంటే నెట్ తప్పు. బఫర్ ఇరవై ముప్ఫై సెకన్లు నిలకడగా ఉండి, డ్రాప్డ్ ఫ్రేమ్స్ (చూపలేక వదిలేసిన ఫ్రేములు) అంకె పెరుగుతూ పోతుంటే యంత్రం తప్పు. అక్కడే కోడెక్స్ వరస చూడండి: వీపీ09 గానీ ఏవీ01 గానీ (రెండూ కొత్త తరం కోడెక్‌లు) ఉంటే, పాత ల్యాప్‌టాప్ చిప్‌లో వాటికి డీకోడర్ లేక భారమంతా ప్రాసెసర్ మీద పడుతోందని అనుమానించాలి. నాణ్యతను 720కి, అదీ చాలకపోతే 480కి దించాలి. హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఎవరైనా ఆపేశారేమో కూడా చూడాలి. కోడ్ 3కి ఆపమన్నదాన్నే ఇక్కడ వేయమంటున్నాను, గమనించండి. రెండు రోగాలకూ ఒకే మందు రాసే చిట్కాల వీడియోల వల్లే సగం గొడవ.

ప్లేయర్ కోడ్ రాసేవాళ్ళకు: తదుపరి ఫ్రేము అందక ఆగితే ‘వెయిటింగ్’ ఈవెంట్ (ప్లేయర్ కోడ్‌కు బ్రౌజర్ పంపే కబురు) వస్తుంది, సుమారు మూడు సెకన్లు డేటా అసలు రాకపోతే ‘స్టాల్డ్’ వస్తుంది. రెండూ ఎర్రర్లు కావు, వాటికి ఎర్ర పెట్టె చూపకండి.

అరసున్న:
శబ్దం వచ్చి బొమ్మ రాకపోతే? మా దగ్గర ఉపాధ్యాయులు ఫోన్‌లో తీసి నేరుగా ఎక్కించిన పాఠాలకు ఇలా జరుగుతోంది. కోడ్ ఏదీ రావడం లేదు.

పిక్సెల్ పంతులు:
రాదు మరి. బ్రౌజర్ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది, ఆడియో నడుస్తోంది కదా. ఆ ఫైళ్ళు హెచ్ఈవీసీ, అంటే హెచ్.265 అనే కోడెక్‌లో ఉండి ఉంటాయి. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ 7, ఆపై ఫోన్లు ఈ పద్ధతిలో తీయగలవు. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిలోనూ ఈ ఎంపిక ఉంది. సఫారీ వీటిని చూపిస్తుంది. క్రోమ్ 2022లో వచ్చిన 107 నుంచి, అదీ యంత్రంలో హెచ్ఈవీసీ హార్డ్‌వేర్ డీకోడర్ ఉంటేనే చూపిస్తుంది. అందుకే ఒకే క్రోమ్ ఒక ల్యాప్‌టాప్‌లో చూపించి, పక్క ల్యాప్‌టాప్‌లో నల్ల తెర వేస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే మెటాడేటా (వీడియో నిడివి, కొలతల వంటి వివరాలు) అందాక వీడియో వెడల్పు సున్నానా అని అడగండి. సున్నా అయితే బొమ్మ పడలేదన్నమాట.

మందు ఎక్కించే చోటే ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి సాధనంతో వీడియోను పాత కోడెక్ హెచ్.264కు, ఆడియోను ఏఏసీకి మార్చి, పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ, 8 బిట్ అని కచ్చితంగా చెప్పండి. చెప్పకపోతే స్లైడ్ల పీఎన్‌జీ బొమ్మలతో చేసిన వీడియో 444గా (రంగు వివరాలు తగ్గించని రకంగా) తయారై, క్రోమ్‌లో కనిపించి ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో మొండికేస్తుంది. ఫైల్ సూచికను మొదట్లో పెట్టే ‘ఫాస్ట్‌స్టార్ట్’ కూడా వేయండి. ఫైల్ సూచిక చివర్లో ఉండిపోతే, సర్వర్ ముక్కలుగా ఇవ్వని చోట ఫైలంతా దిగేదాకా మొదటి ఫ్రేము కూడా రాదు. ఎంపీ4 అని పేరు మార్చినంత మాత్రాన లోపలి కోడెక్ మారదని ఉపాధ్యాయులకు ఒక్కసారి చెప్పి పెట్టండి.

లింగవచనం:
‘బొమ్మ పడలేదు’ అనేదే సందేశంగా వాడొచ్చు కదా! హాలుకు వెళ్ళే ప్రతివాడికీ తెలిసిన మాట.

అరసున్న:
పాఠాల సైటులో కాస్త చనువెక్కువేమో. ‘శబ్దం మాత్రమే వస్తుంది, బొమ్మ రాదు’ అని పెడతాను. ‘రాదు’ అంటే రిఫ్రెష్ కొట్టినా రాదని అర్థమవుతుంది. ‘ఈ ఫార్మాట్‌కు మద్దతు లేదు’ అనేదాన్ని ఉంచాలా? ఆటోప్లే ఆగినప్పుడు ‘అనుమతి లేదు’ అని ఉంది, అది సరేనా?

లింగవచనం:
‘మద్దతు’ వింటే నాకు సర్కారు పడిపోతున్నట్టే ఉంటుంది. ఫోన్లలో ఇప్పటికే అలవాటైంది కనుక సెట్టింగ్స్ పేజీల్లో ఉండనివ్వండి. ఎర్రర్ పెట్టెలో మాత్రం ఎవరు ఎవరికి మద్దతివ్వాలో చదివేవాడికి అందదు.

పిక్సెల్ పంతులు:
‘అనుమతి లేదు’ను తప్పకుండా తీసేయండి. చందా అయిపోయిందేమోనని కంగారు పడతారు. శబ్దంతో దానంతటదే మొదలయ్యే వీడియోను సఫారీ 2017 నుంచి, క్రోమ్ 2018లో వచ్చిన 66 నుంచి ఆపుతున్నాయి. మ్యూట్‌లో ఉంటే సాధారణంగా వదిలేస్తాయి. ఇందులో లోపమే లేదు, చూసేవారు ఒకసారి తాకితే చాలు. కాబట్టి ఎర్రర్ కాకుండా పెద్ద ప్లే బొత్తాం చూపి ‘మొదలుపెట్టడానికి నొక్కండి’ అనండి. ఐఫోన్‌లో వీడియో దానంతటదే తెర నిండా పరుచుకుంటే, ట్యాగ్‌లో ‘ప్లేస్‌ఇన్‌లైన్’ మరిచారని అర్థం.

అరసున్న:
అయితే ఇవీ పాఠాలు. 2కు: ‘నెట్ తెగి వీడియో ఆగిపోయింది. మళ్ళీ నొక్కండి.’ 3కు: ‘వీడియోను మధ్యలో ప్లే చేయలేకపోయింది. పేజీని మళ్ళీ తెరిచి చూడండి.’ 4 వచ్చి ఫైల్ లేకపోతే: ‘ఈ వీడియో సర్వర్‌లో దొరకలేదు. లోపం మా వైపుది.’ 4 వచ్చి ఫైల్ ఉంటే: ‘ఈ రకం వీడియో ఈ బ్రౌజర్‌లో ప్లే కాదు. వేరే బ్రౌజర్‌లో తెరవండి.’

లింగవచనం:
కోడ్ 3 సందేశంలో కర్త ఎగిరిపోయింది. చేయలేకపోయింది ఎవరు? ‘వీడియో మధ్యలో ఆగింది, మిగతా భాగం తెరుచుకోలేదు’ అనండి.

ఓరుగల్లు వాక్యం:
‘వేరే బ్రౌజర్’ అంటే మా అమ్మలాంటోళ్లకు ఏం తెలుస్తదండీ. ‘క్రోమ్‌లో తెరవండి’ అని పేరు పెట్టి చెప్పుండ్రి.

పిక్సెల్ పంతులు:
వాళ్ళు అప్పటికే క్రోమ్‌లో ఉండొచ్చు, అది చూసుకుని పేరు మార్చండి. ఐఫోన్‌లో మాత్రం ఆ సలహా వల్ల సాధారణంగా ఒరిగేదేమీ లేదు, అక్కడి క్రోమ్ లోపల నడిచేదీ సఫారీ ఇంజినే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి యాప్‌లలో లింకు నొక్కితే లోపలే తెరుచుకునే పేజీ ఇంకో తలనొప్పి, ‘బ్రౌజర్‌లో తెరవండి’ అనే బొత్తాం విడిగా పెట్టండి. ప్రతి సందేశం కింద కోడ్ అంకెను చిన్న అక్షరాల్లో ఉంచండి. ఫోన్‌లో ‘వస్తలేదు’ అన్నవారిని ఆ అంకె చదవమంటే సరిపోతుంది.