ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు గర్భనిరోధకాల గురించి బడిలో చెప్పాలా?

వైట్‌ఫీల్డ్ నాన్న: మా పాప బడికి వచ్చే నెల డాక్టరమ్మ వస్తారట. నెలసరితో పాటు గర్భం రాకుండా ఏమేం వాడతారో కూడా చెబుతారట. సంతకం పెట్టమని కాగితం పంపారు. నేను పెట్టలేదు. 2022 నవంబరులో ఈ బెంగళూరు బళ్లలోనే పిల్లల సంచులు వెతికితే కండోమ్‌లు, మాత్రలు దొరికాయని పేపర్లన్నీ రాశాయి. ఇంకా మనమే నేర్పాలా?

కోలారు కోడలు: ఏ డాక్టరమ్మా వచ్చి చెప్పకుండానే దొరికాయి కదండీ. 2007లో కౌమార విద్య, అంటే ఎదిగే పిల్లలకు ఒంటి మార్పుల గురించి చెప్పే పాఠం, వద్దని ఆపిన రాష్ట్రాల్లో కర్ణాటక కూడా ఉంది. నోరు మూసుకుంటే ఏమైందో చూశాం. అయినా సంచిలో మాత్ర ఉంటే తప్పు చేసినట్టేనా? మా అమ్మాయికి పీసీఓడీ, అండాశయాల సమస్య. నెలసరి సరిగా రావడానికి డాక్టరే ఆ మాత్రలు రాశారు. టీచరు చూసి స్టాఫ్‌రూమంతా తిప్పింది. పిల్ల వారం రోజులు బడికి పోనంది.

వైట్‌ఫీల్డ్ నాన్న: అది వేరే సంగతి మేడమ్. నేను మందు గురించి అడగలేదు.

కోలారు కోడలు: వేరే ఎలా అవుతుంది? అవే మాత్రలు. ఎందుకు వాడతారో ఆ టీచరుకు తెలిసుంటే మా పిల్ల ఏడ్చేది కాదు.

హోస్కోటె హరి: మగపిల్లలకు ఎవరు చెబుతారు?

మడివాళ మందులకొట్టు: నేను కొట్లో కూర్చునేవాణ్ని కాబట్టి చెబుతున్నా. 72 గంటల మాత్ర, అంటే కలిశాక 72 గంటల్లోపు గర్భం రాకుండా వేసుకునేది, 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్మొచ్చు. 2023 జనవరిలో పద్దెనిమిది లోపు వాళ్లకు అమ్మకూడదని వార్త వచ్చింది, అలాంటి నిషేధమేదీ లేదని ఔషధ నియంత్రణ శాఖే చెప్పింది. కొనడానికి ఎక్కువగా అబ్బాయే వస్తాడు. మింగాల్సిన పిల్లకు ఏం తెలుసో నేనెలా అడగను? ఒకటి వేసుకుంటే నెలంతా భయం లేదనుకుంటారు. ఆ మాత్ర అండం విడుదలను వెనక్కి జరుపుతుంది, అంతే. తర్వాత మళ్లీ కలిస్తే కాపాడదు, అప్పటికే నిలిచిన గర్భాన్ని తియ్యదు, సుఖవ్యాధుల్ని ఆపదు. ఈ నాలుగు ముక్కలు బడిలో చెబితే ఎవరికి నష్టం?

వైట్‌ఫీల్డ్ నాన్న: పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్ల ఒప్పుకున్నా కలయిక నేరమే. నేరానికి దారి బడిలో చూపిస్తారా?

కోలారు కోడలు: ఆ చట్టం పిల్లను కాపాడటానికి పెట్టింది, చీకట్లో ఉంచడానికి పెట్టలేదు. మైనరు గర్భస్రావానికి వస్తే పోలీసులకిచ్చే సమాచారంలో పిల్ల పేరు చెప్పక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టే అంది. పేరు బయటపడుతుందని పిల్లలు ఆసుపత్రికి రారని జడ్జీలకు కూడా తెలుసు.

వైట్‌ఫీల్డ్ నాన్న: నా బాధ అదేనండీ! నేను పెంచిన బిడ్డ నాకు తెలియకుండా డాక్టరు దగ్గరికి పోవాలా? పాఠం సంగతి పక్కన పెట్టండి. నన్ను దాటి పోవడం నేను ఒప్పుకోను.

కోలారు కోడలు: ఇదేదో మొదటే అనాల్సింది. సరే, తెలిస్తే ఏం చేస్తారు? మా బంధువుల్లో ఒక పిల్ల సంచిలో కండోమ్ దొరికింది. ఆ పిల్లదో కాదో కూడా అడగలేదు. టెన్త్ పరీక్ష కూడా రాయనివ్వకుండా పలమనేరు తీసుకెళ్లి పెళ్లి చేశారు. పద్దెనిమిది లోపు పెళ్లి కూడా నేరమే, ఆ రోజు ఎవరికీ చట్టం గుర్తుకు రాలేదు.

వైట్‌ఫీల్డ్ నాన్న: అందర్నీ ఒకే గాటన కట్టకండి. మా పాప చదువు నేనెప్పటికీ మాన్పించను.

కోలారు కోడలు: ఆ మాట నాకు చెబితే ఏం లాభం? ముందు పాపకు చెప్పండి. మీ నోట ఆ మాట వినకపోతే పాప మీ దగ్గరికి రాదు.

మడివాళ మందులకొట్టు: ఆమె అన్నది నిజం అన్నా. కొట్టుకొచ్చే పిల్లల మొహాల్లో నేను చూసేది ఇంటి భయమే.

హోస్కోటె హరి: మగపిల్లల సంగతి మళ్లీ అడుగుతున్నా.

వైట్‌ఫీల్డ్ నాన్న: క్లాసుకు ముందు అదే పాఠం తల్లిదండ్రులకు చెప్పమని కాగితం మీద రాసి పంపుతున్నా. చెబితే సంతకం పెడతా. డాక్టరు దగ్గర గుట్టు విషయంలో మాత్రం నా మాట మారదు.

కోలారు కోడలు: నాదీ మారదు. హరి గారు అడిగింది కూడా ఆ కాగితం మీదే రాయండి.