జావాలో జంట ఫ్లవర్ బ్రాకెట్లు: వాడవచ్చా, వద్దా?

హనుమకొండ విద్యార్థి:
పాత ప్రాజెక్టు కోడ్ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. కాజీపేట–బల్లార్షా మార్గంలోని స్టేషన్ల జాబితా అది. న్యూ అర్రేలిస్ట్ (జాబితాలు ఉంచే జావా క్లాసు), ఖాళీ బ్రాకెట్లు, వెంటనే రెండు ఫ్లవర్ బ్రాకెట్లు. లోపల యాడ్ కాజీపేట, యాడ్ జమ్మికుంట, యాడ్ పెద్దపల్లి. ఈ వ్యాకరణం ఏ పాఠంలోనూ చూడలేదు. నేనూ ఇలా రాయవచ్చా?

కాజీపేట అధ్యాపకుడు:
కొత్త వ్యాకరణమేమీ లేదు. మొదటి ఫ్లవర్ బ్రాకెట్ అర్రేలిస్ట్‌కు పేరులేని సబ్‌క్లాస్‌ను, అంటే దాని ఆధారంగా మరో క్లాసును తెరుస్తుంది. రెండోది ఆ క్లాసులోని ఇనిషియలైజర్ బ్లాక్, అంటే ఆబ్జెక్టు తయారయ్యేటప్పుడు నడిచే కోడ్. పై క్లాసైన అర్రేలిస్ట్ కన్‌స్ట్రక్టర్ (ఆబ్జెక్టును సిద్ధం చేసే భాగం) ముగిశాకే అది నడుస్తుంది, అందుకే యాడ్ అనేసరికి జాబితా సిద్ధంగా ఉంటుంది. రెండు బ్రాకెట్ల మధ్య ఎంటర్ కొట్టి చూడండి, ముడి విడిపోతుంది. టెస్టు కోడ్‌లో నేను వాడతాను. జాబితా పేరు పదిసార్లు రాసే పని తప్పుతుంది.

మంచిర్యాల డెవలపర్:
సార్, మీ వివరణ సరైనదే, వాడకం మాత్రం ఒప్పుకోను. కంపైల్ చేసి ఫోల్డర్ తెరవండి: మెయిన్ పక్కన "మెయిన్ డాలర్ 1" అనే మరో క్లాస్ ఫైలు. ఇలా రాసిన ప్రతి చోటికీ ఒకటి. అదైనా సర్దుకోవచ్చు. స్టాటిక్ కాని, అంటే ఒక ఆబ్జెక్టుకు చెందిన మెథడ్‌లో రాస్తే ఆ జాబితా బయటి ఆబ్జెక్టును గుట్టుగా పట్టుకుని కూర్చుంటుంది. అలాంటి జాబితాను ఒకసారి క్యాష్‌లో (మళ్లీ వాడేందుకు దాచి ఉంచే చోట) పెట్టాను. విండో మూసేసినా దాని ఆబ్జెక్టు మెమరీని వదలలేదు. హీప్ డంప్‌లో (మెమరీలోని ఆబ్జెక్టుల నకలు) "దిస్ డాలర్ 0" అనే ఆ గుట్టు లంకె కంటపడేదాకా రెండు రాత్రులు నిద్ర లేదు.

కాజీపేట అధ్యాపకుడు:
స్టాటిక్ మెథడ్‌లో ఆ పట్టు ఉండదు కదా?

మంచిర్యాల డెవలపర్:
ఉండదు. రేపు ఎవరో ఆ స్టాటిక్ మాట తీసేస్తే? పైగా ఈక్వల్స్‌లో (సమానమా అని చూసే మెథడ్) గెట్‌క్లాస్‌తో, అంటే క్లాసును కూడా పోల్చే ఆబ్జెక్టులను ఇలా తయారు చేస్తే, విలువలన్నీ ఒకటే అయినా సమానం కాదంటుంది. 2017లో జావా 9తో, ఒక్క వరుసలో జాబితా తయారు చేసే లిస్ట్ డాట్ ఆఫ్ వచ్చింది. ఇంకా ఈ చుట్టుదారి ఎందుకు?

హనుమకొండ విద్యార్థి:
మార్చి చూశాను. తరువాత రామగుండం చేర్చబోతే అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వచ్చింది.

మంచిర్యాల డెవలపర్:
అది మార్చడానికి వీలులేని జాబితా. న్యూ అర్రేలిస్ట్ బ్రాకెట్లలో లిస్ట్ డాట్ ఆఫ్‌ను పెట్టండి, చేర్చుకోవచ్చు. జావా 8 అయితే అర్రేస్ డాట్ యాజ్‌లిస్ట్ పెట్టండి.

కాజీపేట అధ్యాపకుడు:
క్యాష్ సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. సోమవారం తరగతిలో ఆ రెండో క్లాస్ ఫైలును పిల్లలకు చూపిస్తాను. టెస్టు కోడ్ విషయంలో మాత్రం నా మాట మారలేదు.