నాటిక పోటీల్లో ఉత్తమ నటుడు, ఉత్తమ నటి బహుమతులు కలిపేయవచ్చా?

మూడోగంట:
మా నాటక పరిషత్తు పోటీలకు ఈసారి 12 నాటికలు ఎంపికయ్యాయి. ప్రవేశపత్రాల ప్రకారం మొత్తం 61 పాత్రలు, వాటిలో నటీమణులు వేసే పాత్రలు 17. ఆ 17 వేస్తున్న నటీమణులు 9 మందే, కొందరు రెండు మూడు నాటక సమాజాలకు ఆడుతున్నారు. నటనకు ఆడా మగా ఏమిటి, విడదీయకుండా 'ఉత్తమ నటన' పేరుతో రెండు బహుమతులు పెడదాం, బెర్లిన్ చలనచిత్రోత్సవంలో అలాగే చేస్తున్నారు కదా అని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చింది. సగంమంది ఒప్పుకోవడం లేదు. ముగ్గురు న్యాయనిర్ణేతలు ఒక్కొక్కరు 100కి మార్కులు వేస్తారు, మూడూ కూడతాం. కలిపితే నటీమణులకు నష్టమా? ఇంకొకటి, ఒక నాటికలో అమ్మమ్మ పాత్రను పురుషుడు వేస్తున్నారు. ఆయన్ని ఎందులో చేర్చాలి?

నేపథ్యం:
నష్టమేనండి. అందరూ సమానంగా నటించారనే అనుకుందాం. 61 చీటీల్లోంచి రెండు తీస్తే రెండూ పురుషులు వేసే పాత్రలే వచ్చే అవకాశం 44/61 × 43/60, అంటే దాదాపు 52 శాతం. బహుమతులు నాలుగుకు పెంచినా నాలుగూ వాళ్ళకే పోయే అవకాశం 26 శాతం ఉంటుంది. ఇక్కడ ఎవరూ పక్షపాతం చూపలేదు. నాటిక రాసిన రోజే ఈ తేడా పడిపోయింది.

దీనికన్నా పెద్ద చిక్కు మార్కుల పత్రంలో ఉంది. వాచికానికి, అంటే మాట పలికే తీరుకు 50 పెట్టి, సాత్త్వికానికి, అంటే లోపలి భావం కనబరచడానికి 15 పెడితే, పేజీలకు పేజీలు డైలాగులున్న తండ్రి పాత్ర తెర లేవకముందే గెలిచినట్టు. తల్లి పాత్ర చూడండి. కొడుకు ఆస్తి పంచమని అరుస్తుంటే పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ ఉంటుంది. ఏరడం ఆగిపోతుంది, వేళ్ళు మాత్రం గింజల్లోనే ఉండిపోతాయి. ఆ నిమిషంన్నరలో ఆమెకు ఒక్క మాట లేదు. అంత నటనా ఆ 15 మార్కుల్లోనే ఇమడాలి. కలపాలనే అనుకుంటే ముందు పత్రం మార్చండి: వాచికం 30, ఆంగికం (శరీర కదలికలు) 25, సాత్త్వికం 35, ఆహార్యం (వేషధారణ) 10.

మార్కులు కూడటం కూడా మానేయండి. ఒక నటికి 78, 78, 70 వచ్చాయి, ఒక నటుడికి 76, 76, 88 వచ్చాయి అనుకోండి. మొత్తాలు 226, 240. ముగ్గురిలో ఇద్దరు ఆమే మెరుగన్నారు, అయినా ఓడిపోయింది. మూడో ఆయన మార్కుల్లో ఎగుడుదిగుడు ఎక్కువ కాబట్టి ఫలితం ఆయన చేతిలోకి వెళ్ళింది. ప్రతి న్యాయనిర్ణేత పత్రాన్నీ విడిగా ర్యాంకులుగా మార్చి, ఆ ర్యాంకులు కూడండి. అప్పుడు ఆమెకు 4, ఆయనకు 5 వస్తాయి. తక్కువ వచ్చినవారిదే బహుమతి.

వెండితెర వెనుక:
బెర్లిన్ ఉదాహరణ సగమే చెప్పారు. అక్కడ 2021 నుంచి ప్రధాన పాత్రకు ఒకటి, సహాయ పాత్రకు ఒకటి ఇస్తున్నారు. 2025 వరకు ఇచ్చిన 10లో 8 మహిళలకే వెళ్ళాయి. పురుషుల్లో 2024లో సెబాస్టియన్ స్టాన్, 2025లో సహాయ పాత్రకు ఆండ్రూ స్కాట్, ఇద్దరే. కానీ అక్కడ ఆరేడుగురు జ్యూరీ కూర్చుని మాట్లాడుకుని తేలుస్తారు. పైగా పోటీకి వచ్చే చిత్రాల్లో చాలావాటికి కథే స్త్రీ పాత్ర చుట్టూ ఉంటుంది.

సంగీతంలో బ్రిటన్ వాళ్ళ బ్రిట్ అవార్డులు చూడండి. అక్కడ వెయ్యికి పైగా సభ్యులు ఓటేస్తారు. 2022లో కలిపారు. 2023లో ఆ ఏటి ఉత్తమ కళాకారుల నామినేషన్లు ఐదూ మగవాళ్ళకే వచ్చాయి. మరుసటి ఏడు ఐదును పదికి పెంచాల్సి వచ్చింది. ఆస్కార్‌లో నటనకు 20 నామినేషన్లుంటే 10 మహిళలకు ఖాయం. విభజన లేని దర్శకత్వంలో 2025 దాకా గెలిచిన మహిళలు ముగ్గురే: కేథరిన్ బిగెలో, క్లోయీ జావ్, జేన్ కాంపియన్.

మన దగ్గర జాతీయ అవార్డుల్లో తెలుగు చిత్రాలకు ఉత్తమ నటి నాలుగుసార్లు వచ్చింది: 'నిమజ్జనం'కి శారద, 'దాసి'కి అర్చన, 'కర్తవ్యం'కి విజయశాంతి, 'మహానటి'కి కీర్తి సురేశ్. ఆ తర్వాతే, 2021 సంవత్సరానికి అల్లు అర్జున్‌తో తొలి ఉత్తమ నటుడు వచ్చింది. ఉత్తమ నటి అవార్డుకు మొదట్లో ఉన్న 'ఊర్వశి' అనే పేరుతోనే శారద గారిని ఇప్పటికీ ఊర్వశి శారద అంటాం. విడి విభాగం లేకపోతే ఈ వరుసలో ఎందరు మిగిలేవారో నాకు అనుమానమే. అవే అవార్డుల్లో బాలనటులకు మాత్రం ఆడపిల్ల, మగపిల్లాడు అనే విభజన లేదు. మీరూ బాలనటుల బహుమతి కలిపేయండి, అందులో ఇబ్బంది ఏమీ కనిపించదు.

రంగాలంకరణ:
అమ్మమ్మ పాత్ర సంగతి. తెలుగు నాటకరంగానికి ఇది కొత్త కాదు. స్థానం నరసింహారావు గారు సత్యభామగా పేరు పొందారు, 1956లో పద్మశ్రీ, 1961లో సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. అకాడమీది నటనకిచ్చే అవార్డు, నటుడా, నటియా అన్న విభజన లేదు. మీ పోటీలో విభజన ఉంది కనుక బహుమతి పాత్రకా, వేసినవారికా అన్నది నియమావళిలో ముందే రాయండి. 'ఉత్తమ స్త్రీ పాత్ర' అని పెడితే ఆయన నటీమణులతో పోటీపడతారు, ఉన్న తొమ్మిది మందికీ ఉన్న ఒక్క బహుమతీ చేజారవచ్చు. నా మాట వింటే బహుమతి వేసినవారికే ఉండాలి, ఆయన ఉత్తమ నటుడికే పోటీపడాలి. పైగా జ్యూరీ బహుమతి ఒకటి విభజన లేకుండా ఉంచండి, ఇలాంటి నటన అక్కడ గెలుస్తుంది.

మూడు నాటికల్లో ఆడే నటి విషయంలో చాలాచోట్ల గొడవ వస్తుంది. మూడు పాత్రల మార్కులూ కూడితే ఒక్క పాత్ర వేసినవాళ్ళకు అన్యాయం, సగటు తీస్తే ఆమెకే అన్యాయం. మూడింటినీ మూడు ఎంట్రీలుగా ఉంచి అత్యుత్తమ ర్యాంకు వచ్చిన ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకోండి. జ్ఞాపిక మీద ఆ నాటిక పేరు, పాత్ర పేరు రెండూ వేయించండి. లేకపోతే మిగతా రెండు సమాజాలూ అది మాదే అంటాయి.

మూడోగంట:
చాలా సంతోషం. అయితే నటుడు, నటి విడివిడిగానే ఉంచి, బాలనటులది కలిపి, జ్యూరీ బహుమతి అందరికీ తెరుస్తాం. ర్యాంకుల పద్ధతి కూడా పెడుతున్నాం. ఒక సమాజంలో ట్రాన్స్‌జెండర్ కళాకారిణి ఉన్నారు. ఆమె విషయం ఎవరు తేల్చాలి?

రంగాలంకరణ:
ఆమే. ప్రవేశపత్రంలో ప్రతి పేరు పక్కన 'పోటీపడే విభాగం' అని ఒక గడి పెట్టి, కళాకారులే నింపి సంతకం చేసేలా చూడండి. సమాజం కార్యదర్శి నింపకూడదు, న్యాయనిర్ణేతలు ప్రశ్నించకూడదు. మార్పులుంటే మొదటి నాటికకు గంట కొట్టకముందే ఇవ్వాలి, ఆ తర్వాత ఎవరు అడిగినా ఒప్పుకోకండి.