గొంతు మారిన బ్యాండు కోసం ఊరు దాటాలా?

ఉప్పల్_రిఫ్

అందరికి నమస్తే. 2026 జనవరిల అమెరికా రాక్ బ్యాండు లింకిన్ పార్క్ ఇండియాకొచ్చింది. 23న బెంగళూరు, ఆ వెంటనే ముంబైల లొల్లాపలూజా మ్యూజిక్ ఫెస్టివల్. నేను పోలే. టికెట్ దొరకక కాదు, సెలవు లేక కాదు, కావాల్ననే పోలే. అప్పటిసంది మా దోస్తులు వాట్సాప్ గ్రూపుల నా పేరు తీసేసి "ఇంటికాడి రాకర్" అని పెట్టిన్రు. అందుకే పంచాయితి ఇక్కడికి తెచ్చిన.

నేను 2003ల ఇంజనీరింగ్ జేరిన. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఎంపీ3 సీడీల వాళ్ళ పాటలన్నీ ఉండె. వాళ్ళ సింగర్ చెస్టర్ బెన్నింగ్‌టన్ అరుస్తుంటే వార్డెన్ వచ్చి తలుపు గుద్దేటోడు. ఆ మనిషి 2017 జూలైల పోయిండు. 2024 సెప్టెంబర్ల ఆయన జాగల పాడెతందుకు ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను తెచ్చుకున్నరు. మంచిగనే పాడుతది, కాదంటలేను. కాని డ్రమ్స్ రాబ్ బోర్డన్ లేడు. గిటార్ బ్రాడ్ డెల్సన్ బ్యాండుల ఉన్నడు గని టూర్లకు వస్తలేడు. స్టేజీ మీద పాతోళ్ళు ముగ్గురే: షినోడా, ఫీనిక్స్, జో హాన్.

ఇగ లెక్క చెప్త. లైవ్ మ్యూజిక్కు ఏడాదికి 20 వేలు, ఇంట్ల ఒప్పందం. బెంగళూరు అంటే టికెట్టు, కాచిగూడ రైలు, రూము, అక్కడి ఆటోలు, అన్ని కలిపి ఒక్క రాత్రికి అండ్ల ముప్పావు వంతు ఊడ్చుకపోతది. అవే పైసలకు ఊర్ల చిన్న షోలు ఏడాదంత చూడొచ్చు.

అందుకే నా రూల్: అసలు గొంతు లేకుంటే ఊరు దాటద్దు. తప్పా ఒప్పా చెప్పున్రి. తిట్టినా సరే, కాని లెక్కతోని తిట్టున్రి.

మెయిడెన్_మావయ్య

తమ్ముడూ, లెక్కతోనే తిడతాను.

2007 మార్చి 17, బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్, ఇంగ్లండ్ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ మన దేశంలో ఆడిన మొట్టమొదటి షో. ముందురోజు రాత్రి లక్డీకాపూల్‌లో ట్రావెల్స్ బస్సెక్కాను. బస్సులో సగం మంది నల్ల టీషర్టులే. డ్రైవరు వీడియోలో చిరంజీవి సినిమా వేస్తే ఎవ్వరూ వద్దనలేదు, పాటలొచ్చినప్పుడు అందరూ కలిసి పాడారు కూడా. కర్నూలు దాటాక ఒకడు టేప్‌రికార్డర్ తీశాడు, ఇక తెల్లారేదాకా నిద్ర లేదు.

ఆ రోజు పాడింది బ్రూస్ డికిన్సన్. మెయిడెన్ మొదటి రెండు ఆల్బమ్‌లలో ఆయన లేడు, పాడింది పాల్ డియానో. నీ రూల్ ప్రకారం నేను ఆ బస్సే ఎక్కకూడదు. ఏసీ/డీసీ బ్యాండ్ సంగతి చూడు. 1980 ఫిబ్రవరిలో వాళ్ళ సింగర్ బాన్ స్కాట్ పోయాడు, అదే ఏడాది జూలైకి బ్రయన్ జాన్సన్‌తో కొత్త ఆల్బమ్ దింపారు. "బ్యాక్ ఇన్ బ్లాక్" అది. అసలు గొంతు లేదని జనం కొనడం మానేశారా?

ఉప్పల్_రిఫ్

అన్నా, వాళ్ళు కొత్త గొంతుతోని కొత్త పాటలు కట్టి నిలబడ్డరు. నలభై ఏండ్లాయె. నేను పోయేది కొత్త పాటల కోసం కాదు గదా, పాత పాటలు వేరేటోళ్ళ గొంతుల వినుడు నాకు పడదు. అదీ నా బాధ.

ఫజ్_ఫలక్‌నుమా

లింకిన్ పార్క్ కూడా కొత్త పాటలు కట్టింది భాయ్. 2024 నవంబర్‌లో "ఫ్రం జీరో" వచ్చింది. విన్నావా, వినకుండానే రూల్ రాశావా?

నిజాంపేట_నోట్స్

నాకు రాక్ పెద్దగా తెలియదండీ, మా అబ్బాయి పుణ్యమా అని కొంచెం వంటబట్టింది. కానీ ఈ గొంతు గొడవ మా ఇంట్లో పాతదే.

ఘంటసాల గారు పోయింది 1974లో. ఆయన పాటల విభావరులు ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి. నాన్నగారు గుంటూరు నుంచి వచ్చినప్పుడు ఒకసారి రవీంద్రభారతికి తీసుకెళ్ళాను. పాడినాయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారట. మొదటి పాటకి శ్రుతి కుదర్లేదు, తబలా ఆయన సుత్తి తీసి ఓపిగ్గా సరిచేసుకున్నాడు. మూడో పాటకి వచ్చేసరికి మా ముందు వరసలో ఓ పెద్దాయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటున్నాడు. "ఘంటసాల లేడు కదా, ఎందుకొచ్చాం" అని ఆ హాల్లో ఒక్కరూ అనుకోలేదు. పాట ఆయనదే, పాడుతున్నది ఇంకొకరు, అంతే. మీ బ్యాండ్లకి మాత్రం ఈ పట్టింపెందుకో?

ఫజ్_ఫలక్‌నుమా

మేడమ్, ఆ విభావరికి టికెట్ ఎంత? ఫ్రీ పాసే కదా. పైగా పోస్టర్ మీద "ఘంటసాల లైవ్" అని వెయ్యలేదు, "ఘంటసాల ఆరాధనోత్సవం" అనో ఏదో వేసుంటారు. ఇక్కడ అదే పేరు, అదే లోగో పెట్టి వేలకి వేలు తీసుకుంటున్నారు. తేడా అక్కడుంది.

నిజాంపేట_నోట్స్

అది నిజమే. పోస్టర్ మాట ఒప్పుకుంటాను.

కన్సోల్_కాడి_మనిషి

నేను లైవ్ సౌండ్ చేస్తా, 11 ఏళ్ళ నుంచి. మీరంతా పాడేదెవరని కొట్టుకుంటున్నరు. నన్నడిగితే టికెట్ కొనే ముందు మీరు నిలబడే చోటు ఎక్కడో చూసుకోవాలె.

పెద్ద గ్రౌండ్‌లో స్టేజీకి 100 మీటర్ల వెనక నిలబడితే సౌండ్ మీ దగ్గరికి రావడానికి సెకనులో దాదాపు మూడో వంతు పడుతది. స్క్రీన్ మీద డ్రమ్మర్ కట్టె కొట్టేసిండు, దెబ్బ తర్వాత వినబడుతది. మధ్యలో స్తంభాల మీద స్పీకర్లు కడ్తరు గదా, డిలే టవర్లు, వాటికి కావాల్ననే కొంచెం ఆలస్యం పెట్టి పంపుతం, స్టేజీ సౌండ్‌తో కలిసేటట్టు. అది సరిగ్గ పెట్టకుంటే రెండు బ్యాండ్లు ఒకేసారి వాయించినట్టుంటది. పోయినేడు నగర శివార్ల ఒక షోకి ప్రేక్షకుడిగా పోయిన. వెనకాల టవరే లేదు. అంత దూరానికి ఒక్క బేస్ తప్ప ఏం రాలే. పైగా లోపల తాగే నీళ్ళకి కూడా చేతికి కట్టిన బ్యాండ్‌లో ముందే పైసలు వేయించుకోవాలె, మిగిలినవి వాపస్ లేవు. పార్కింగ్ నుంచి రోడ్డెక్కడానికే గంటన్నర. ఆ రోజు పాడింది అసలు గొంతే మరి!

ఎక్కడికి పోయినా మిక్సర్ పెట్టిన టెంట్ ముందర నిలబడున్రి. సౌండ్ మనిషి తన చెవులకు మంచిగ వినబడేటట్టే మొత్తం సెట్ చేసుకుంటడు, ఆ మంచి మీకు ఉత్తగనే దొరుకుతది. స్టేజీ ముందర బారికేడ్‌కి అతుక్కుంటే మాత్రం సబ్ వూఫర్లు మీ కడుపుల ఉంటయ్, పాట ఉండదు.

ఇంకొకటి, చెవులు. 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలు ఉంటే ఆ రోజుకి చెవి కోటా అయిపోయినట్టే. రాక్ షో రెండు గంటలు. మెడికల్ షాపుల దొరికే ఫోమ్ ప్లగ్గులైనా పెట్టుకోన్రి. నేను పెట్టుకోక ఎడమ చెవిల గుయ్‌మని మోత తెచ్చుకున్న, రాత్రి ఫ్యాన్ బంద్ చేస్తే అదే వినబడుతది.

రెండుసార్లు_గన్స్

రిఫ్ బ్రో, నీ రూల్‌ని నేను ప్రాక్టికల్‌గా పరీక్షించాను, అది కూడా నా సొంత డబ్బుతో.

2012 డిసెంబర్‌లో గన్స్ ఎన్ రోజెస్ బ్యాండ్ బెంగళూరు వచ్చింది. పాడే ఆక్సెల్ రోజ్ ఉన్నాడు, అంటే అసలు గొంతు ఉంది. గిటార్ వాయించే స్లాష్ లేడు, బేస్ వాయించే డఫ్ లేడు. వెళ్ళాను. అన్ని సోలోలూ వాయించారు, ఒక్క తప్పు లేదు. కానీ పక్కన నిలబడ్డ కుర్రాడు ప్రతి సోలోకీ "ఇది స్లాష్ అయితేనా" అంటూ నా తల తినేశాడు. తిరుగు బస్సులో నేనూ అదే అనుకుంటూ వచ్చాను.

2016లో స్లాష్, డఫ్ మళ్ళీ కలిశారు. 2025 మే 17, ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్స్. మే నెల ముంబై ఉక్కపోత తెలుసుగా, షో మొదలవకముందే చొక్కా పిండితే నీళ్ళు. స్లాష్ టోపీతో సహా వచ్చాడు. ఆక్సెల్‌కి అప్పటికి 63. మనిషి అదే, గొంతు మాత్రం అదే కాదు. పైస్థాయి దగ్గర సన్నగా అయిపోతోంది, కొన్నిచోట్ల జనమే మోశారు. అయినా నాకు రెండోదే నచ్చింది, వంద రెట్లు నచ్చింది. ఎందుకంటే ఆ మనుషులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ వాయిస్తున్నారు. 2012లో అది లేదు.

కాబట్టి అసలు గొంతు అనే కొలబద్ద విరిగిపోయింది బ్రో. గొంతుకి ఏ ఏడాది గొంతో కూడా రాసుకోవాలి మరి.

మెయిడెన్_మావయ్య

భలే చెప్పావు. దూరం వెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. 2011 అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో మెటాలికా షో భద్రత సరిగ్గా లేదని చివరి నిమిషంలో ఆగిపోయింది. రెండ్రోజులకి, 30న, బెంగళూరులో జరిగింది. టికెట్ డబ్బులంటే తిరిగొస్తాయి, రైలు డబ్బులు రావు. ఆ లెక్క కూడా నీ 20 వేలలో వేసుకో.

సమోసా_డిస్టార్షన్

మీరందరూ బెంగళూరు, ముంబై అంటారు, నాకు నవ్వొస్తోంది. మన ఊళ్ళో గాడ్‌లెస్ అని డెత్ మెటల్ బ్యాండ్ పుట్టింది, 2021లో ఫుల్ ఆల్బమ్ కూడా తెచ్చారు. ఇక్కడ ఎంతమంది వాళ్ళని లైవ్‌లో చూశారు? చౌరస్తా బ్యాండ్ వాళ్ళు తెలుగులో పాడుతూ గిటార్ వాయిస్తే అది రాక్ కాదా?

బంజారాహిల్స్‌లో చిన్న షోలు జరిగే లామకాన్ ఉంది కదా, అక్కడ ఓ సాయంత్రం సంగతి చెబుతా. 60 మందో 70 మందో. సింబల్ స్టాండ్ జారుతుంటే డ్రమ్మర్ దానికి ప్లాస్టిక్ తాడు కట్టుకున్నాడు. రెండో పాటకి తాడు తెగింది. మొదటి వరసలో ఉన్న అమ్మాయి లేచి వెళ్ళి, పాట అయిపోయేదాకా ఆ స్టాండ్ పట్టుకుని కూర్చుంది, ఇంకో చేతిలో చాయ్ కప్పు. అది రాక్ కాకపోతే మరేంటో నాకు తెలీదు.

ఫజ్_ఫలక్‌నుమా

లామకాన్ మాట ఓకే తమ్మీ. కానీ జూబ్లీహిల్స్ పబ్బుల్లో సగం కవర్ బ్యాండులే, అంటే వేరేవాళ్ళ పాటలు వాయించేవే. కవర్ బ్యాండుకి కవర్ చార్జి కట్టి, అవే ఆరు పాటలు ప్రతి శనివారం వింటాం. అక్కడ గొంతూ అసలుది కాదు, పాటా అసలుది కాదు. రిఫ్ భాయ్ రూల్ అక్కడ ఏమైతది?

అవును, రిఫ్ భాయ్, ఒకటి అడుగుతా. 2018లో, మళ్ళీ 2024 డిసెంబర్‌లో సింగర్ బ్రయన్ ఆడమ్స్ మన ఊరికే వచ్చిండు. అసలు గొంతు. ఊరు దాటే పని లేదు. పోయినవా?

ఉప్పల్_రిఫ్

పోలే.

ఫజ్_ఫలక్‌నుమా

😂😂 దొరికిండు.

నిజాంపేట_నోట్స్

ఇండియన్ ఓషన్ బ్యాండ్ వస్తే వెళ్తారా మరి? పాడే అసీమ్ చక్రవర్తి 2009లో పోయారు, గిటార్ సుస్మిత్ సేన్ 2013లో బయటికొచ్చేశారు. మా అబ్బాయి అడగమంటున్నాడు.

ఉప్పల్_రిఫ్

మేడమ్, పోయిన. ఒకసారి కాదు, రెండుసార్లు పోయిన. వాళ్ళ బేస్ గిటార్ రాహుల్ రామ్ మైకు ముందల నిలబడి ముచ్చట్లు చెప్తుంటే అసలు అసీమ్ యాదికే రాలే. పాట మొదలైనంక వచ్చిండు, కాని ఇబ్బంది అనిపియ్యలే.

సరే, రూల్ ఓడిపోయింది. అసల్ సంగతి చెప్త.

2007ల మా ఫైనలియర్ అయిపోయేటప్పుడు లింకిన్ పార్క్ మూడో ఆల్బమ్ వచ్చింది. అండ్ల ఒక పాటల చెస్టర్ 17 సెకండ్లు ఊపిరి తీయకుండ అరుస్తడు. మేం హాస్టల్ టెర్రస్ మీద పందెం పెట్టుకున్నం, వాచీ పట్టుకొని. నేను 6 దగ్గర ఆగిన. మా రూమ్మేటు 11 దాకా పోయి దగ్గుకుంట కూలబడ్డడు, వాటర్ ట్యాంక్ కాడ. కింద మెస్సోళ్ళు ఎవరో పడిపోయిండ్రనుకొని ఉరికొచ్చిన్రు. వాడిప్పుడు డాలస్ల ఉన్నడు. వాడు అక్కడ ఈ కొత్త లైనప్‌ను చూసిండు. చూసి నాకు అర్ధరాత్రి ఫోన్ చేసి, "అరె, ఆమె 17 కొట్టిందిరా" అన్నడు. సంబురంగ అన్నడు. నాకు మాత్రం కడుపుల ఏదో కలుక్కుమన్నది.

బెంగళూరు షో అయిన తెల్లారి ఎవరో ఫోన్ల తీసిన వీడియో పంపిన్రు. మెట్రోల నిలబడి చూసిన, నాగోల్ పోయే బండి. ఆ పాట వచ్చేదాక చూసిన. అరుపు రాంగనే బంద్ చేసిన. ఆమె బాగ పాడదని కాదు. బాగ పాడితే ఎట్ల అని.

లెక్కలు పైసలవి కాదు, మాఫ్ చేయున్రి. పైసల లెక్క మా ఇంట్ల చెప్పేందుకు పనికొచ్చింది, నాకు నేను చెప్పుకునేందుకు గూడ.

రెండుసార్లు_గన్స్

ముందే చెప్పొచ్చుగా బ్రో. నేను ఇంత పెద్ద పోస్ట్ రాశాను.

మెయిడెన్_మావయ్య

తమ్ముడూ, నేను 2007 బస్సు గురించి రాసిందంతా నిజమే. కానీ నా పక్క సీట్లో వచ్చినవాడు ఇప్పుడు లేడు. మెయిడెన్ మళ్ళీ 2009లో బెంగళూరు వచ్చినప్పుడు టికెట్ కొని కూడా వెళ్ళలేదు నేను, మా తమ్ముడికిచ్చేశాను. పెద్ద చెప్పొచ్చాను నీకు.

సమోసా_డిస్టార్షన్

సారీ అన్నా. నేను కొంచెం ఎక్కువ మాట్లాడాను.

కన్సోల్_కాడి_మనిషి

రిఫ్ అన్నా, ఈ శనివారం కొండాపూర్ దిక్కు ఒక కేఫ్‌ల మూడు లోకల్ బ్యాండ్ల షో ఉంది, సౌండ్ నేనే. 300 రూపాయలు. ఒక పిల్లల బ్యాండు మీ వాళ్ళ పాట ఒకటి ప్రాక్టీస్ చేస్తున్నరు, సౌండ్‌చెక్‌ల విన్న. పాడే పిల్లోడికి 19 ఏండ్లు ఉంటయేమో. 8 సెకండ్లు వస్తున్నది వానికి.

ఉప్పల్_రిఫ్

ఎన్ని గంటలకు?

కన్సోల్_కాడి_మనిషి

ఏడింటికి మొదలు. పదింటికల్లా సౌండ్ బంద్, లేకుంటే పోలీసోళ్ళొస్తరు. రాయదుర్గంల దిగి ఆటో పట్టు, తిరుగు మెట్రో అందుతది. మిక్సర్ ముందర నీకు జాగ పెడ్త. ప్లగ్గులు తెచ్చుకో.

నిజాంపేట_నోట్స్

మా అబ్బాయీ వస్తానంటున్నాడండీ. వాడికి 16. రానిస్తారా?

కన్సోల్_కాడి_మనిషి

కేఫే మేడమ్, బార్ కాదు. రానీయున్రి. వానికి గూడ ప్లగ్గులు.