సమస్య: పడమటను సూర్యు డుదయించు ప్రతిదినమ్ము

నిర్వాహకుడు (బెజవాడ): తేటగీతి. కలలో అనీ, కల్కి వచ్చాక అనీ తప్పించుకోవద్దు. గ్రహాలు తమ చుట్టూ తాము తిరిగే తీరు తెలిస్తే దారి దొరుకుతుంది.

నైట్‌షిఫ్ట్, భవానీపురం:
రాత్రి కొలువు సేసెడివాడు రవిని గనడు
తెల్లవారగ పండును తెరను దించి
సందెవేళకు లేచిన స్వామి కపుడు
పడమటను సూర్యు డుదయించు ప్రతిదినమ్ము

నిర్వాహకుడు: గ్రహాల ఊసే లేదు, కానీ నవ్వించారు. యతులు కుదిరాయి. పాస్.

కొత్తపేట కోడలు, గుంటూరు:
శుక్రగోళమ్ము వెనుకకే సుళ్ళు తిరుగు
రెండు నూర్ల నల్బదిమూడు రేలు పట్టు
నొక్క చుట్టు ముగియుటకు, నున్న నచట
పడమటను సూర్యు డుదయించు ప్రతిదినమ్ము

మిర్చియార్డు: అక్కా, ధార బావుంది, లెక్కలోనే చిక్కు. మన 243 రోజులు నక్షత్రాలతో పోల్చి కొలిచిన చుట్టు. సూర్యోదయం నుంచి మళ్ళీ సూర్యోదయానికి అక్కడ దాదాపు 117 రోజులే. శుక్రుడు 225 రోజుల్లో సూర్యుణ్ణి ఒక దిక్కుగా చుట్టి వస్తూ, తన చుట్టూ తాను ఎదురు దిక్కుకు తిరుగుతాడు. రెండూ కలిసి పొద్దును త్వరగా తెచ్చేస్తాయి.

కొత్తపేట కోడలు: రెండో పాదంలో చెప్పింది చుట్టు తమ్ముడూ, నాలుగో పాదంలోది దినం. రెండూ ఒకటేనని నేనెక్కడన్నాను?

నిర్వాహకుడు: అమ్మాయి నెగ్గింది. దట్టమైన మబ్బుల కింద, 460 డిగ్రీలు దాటిన వేడిలో 'ఉన్న నచట' అనడానికి మాత్రం కవికే చెల్లింది!

బ్రాడీపేట బాటసారి:
పక్క కొరిగి దొర్లు యురేనసును గనుండు
గంటలు పదునేడింటికే కలియ దిరుగు
వింత గోళమ్ము నందుండి వెదకి చూడ
పడమటను సూర్యు డుదయించు ప్రతిదినమ్ము

మిర్చియార్డు: మొదటి పాదంలో యతి తప్పింది. నాలుగో గణం 'సు'తో మొదలైంది, 'ప' రావాలి. 'పక్క కొరిగి యురేనసు పరుగు లిడును' అంటే సరి.

నిర్వాహకుడు: యతి సర్దుకుంటుంది, 'ప్రతిదినమ్ము' సర్దుకోదు. ఇరుసు 90 దాటి 98 డిగ్రీలు ఒరిగింది గనక అదీ వెనక్కే తిరుగుతున్నట్టు లెక్క, పడమటి ఉదయం ఒప్పుకుంటాను. కానీ ఆ గ్రహానికి ఏడాదంటే మన 84 ఏళ్ళు. ధ్రువం దగ్గర 42 ఏళ్ళు పొద్దు గుంకదు, 42 ఏళ్ళు పొడవదు. ఇక రోజూ ఉదయమెక్కడ?

బ్రాడీపేట బాటసారి: అయితే మూడో పాదం 'వింత గోళమ్ము నడుమను వెదకి చూడ' అని మార్చి, మధ్యరేఖ మీదికి మకాం మార్చేస్తున్నా మాస్టారూ. అక్కడ ఏ రోజు ఉదయం ఆ రోజు గ్యారంటీ.

నిర్వాహకుడు: మార్కులు సగమే. అయనాంతాల్లో, అంటే ఒక ధ్రువం సూర్యుడి వైపు బాగా ఒరిగినప్పుడు, అక్కడ పొద్దు దాదాపు ఉత్తరానో దక్షిణానో పొడుస్తుంది.