కవిసమయమా, పడికట్టా?

ప్రశ్న: అమెరికన్ హాస్యనటుడు, దర్శకుడు బస్టర్ కీటన్ 1922 నాటి మూకీ ‘ది ఫ్రోజెన్ నార్త్’ గురించి వ్యాసం రాస్తున్నాను. పట్టుమని ఇరవై నిమిషాలు లేని హాస్యచిత్రం. అప్పట్లో కౌబాయ్ వేషాలకు పేరుపడ్డ విలియం ఎస్. హార్ట్‌ను ఆటపట్టించడానికే తీశాడు. కౌబాయ్ సినిమా అనగానే మనం ఎదురుచూసే సెలూను (అదే, సారాకొట్టు), జూదం, తుపాకీ, కరుకు మనిషి కంట నీరు, వీటన్నిటినీ కలిపి ఒక్క మాటలో ఏమనాలి? ‘సంప్రదాయాలు’ అని రాసి కొట్టేశాను. పెళ్లితంతులా ఉంది.

జవాబు: ‘పడికట్టు’ ఉంది కదండీ. పడికట్టు మాటలు అన్నట్టే పడికట్టు సన్నివేశాలు. పడికట్టురాయి అంటే తూనికరాయి. ఎవరి కొట్లో చూసినా అదే రాయి, అదే బరువు.

జవాబు: మాట మంచిదే కానీ, అందులో నింద ఉంది మాస్టారూ. పడికట్టు అనగానే అరిగిపోయిందనే అర్థం వస్తుంది. నేనైతే ‘కవిసమయం’ అంటాను. లోకంలో లేకపోయినా, శాస్త్రం ఒప్పకపోయినా, కవులు తరతరాలుగా చెబుతూ వస్తే చెల్లిపోయేది కవిసమయమని సంస్కృత ఆలంకారికుడు రాజశేఖరుడు కావ్యమీమాంసలో అన్నాడు. చకోరం వెన్నెల తాగుతుందంటే ఎవరూ సాక్ష్యం అడగరు. కీర్తి తెలుపు, పాపం నలుపు అన్నదీ ఆయన జాబితాలోదే. కౌబాయ్ సినిమాల్లో మంచివాడికి తెల్ల టోపీ, చెడ్డవాడికి నల్ల టోపీ పెట్టినవాళ్లు రాజశేఖరుణ్ణి చదివి ఉండరు గానీ, లెక్క కుదిరింది! నవ్వు కూడా తెలుపేనట. కీటన్ సినిమా నిండా తెల్లటి మంచు.

ఈ సినిమాలో నవ్వు పుట్టేది చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య ఉన్న అలాంటి ఒప్పందంలోనుంచే. మొదట్లోనే మంచుమైదానం నడుమ సబ్‌వే (భూగర్భ రైలు) స్టేషన్ మెట్లెక్కి కీటన్ పైకి వస్తాడు. గుర్రం లేదు, ధూళి లేదు. తర్వాత సెలూను దోపిడీ. గోడపత్రికలోని తుపాకీ మనిషి బొమ్మను కత్తిరించి కిటికీలో నిలబెడతాడు. లోపలివాళ్లు తోడుదొంగ అనుకుని చేతులెత్తేస్తారు. ఆలోచిస్తే, తెరమీది దొంగ ఎప్పుడూ బొమ్మే. ప్రేక్షకులం మనం రోజూ చేసే పనే ఆ జూదరులూ చేశారు.

ప్రశ్న అడిగినవారు: బాగుంది. మరి ఆ కవిసమయాన్ని కీటన్ ‘తలకిందులు చేశాడు’ అనవచ్చా?

జవాబు: అక్కడే నాకు పేచీ. కన్నీటి ఘట్టం చూడండి. ఇంటికి వస్తాడు, భార్య పరాయివాడి కౌగిట్లో ఉంటుంది. హార్ట్ కార్చినట్టే చెంపమీద బొట్టు జారుతుంది. ఇద్దరినీ కాల్చేస్తాడు. ఆ తర్వాత తెలుస్తుంది, అది తన ఇల్లూ కాదు, ఆమె తన భార్యా కాదు. ఇందులో తలకిందులైనది ఏముంది? దుఃఖం, కోపం, తుపాకీ, అన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. మారింది ఇల్లొక్కటే. ఏడుపును వెకిలిగా చేసి ఉంటే అది ఉత్త వెక్కిరింత అయ్యేది. మొహం రాయిలా పెట్టుకుని నిష్ఠగా ఏడ్చాడు కనుకే నవ్వొస్తుంది. హార్ట్‌కు మాత్రం నవ్వు రాలేదు. చాలాకాలం తనతో మాట్లాడలేదని కీటనే చెప్పుకున్నాడు.

జవాబు: పడికట్టు అన్నవాణ్ణి నేనే. ఒక్క మాట కలుపుతాను. కవిసమయం తెలియనివాడికి ఈ నవ్వు అందదు. మన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సెలూనూ తుపాకీలూ 1971లో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’తో పరిచయమయ్యాయి. హార్ట్ ఎవరో తెలియకపోయినా కన్నీటి ఘట్టం దగ్గర మనం తికమకపడకపోవడానికి అదొక కారణం. కాబట్టి మీ వ్యాసంలో హార్ట్ గురించి ముందే రెండు వాక్యాలు రాయండి.

ప్రశ్న అడిగినవారు: రాస్తాను మాస్టారూ. మాట కవిసమయమే ఖాయం. ‘తలకిందులు’ కొట్టేసి, శీర్షిక ‘పరాయి ఇంట్లో కన్నీరు’ అని మార్చాను.