దూర ప్రయాణానికి టైర్లు: తారును చూసి కొనాలా, మట్టిని చూసి కొనాలా?

కంకరబాట:
బైకు మీద 9,000 కిలోమీటర్ల ట్రిప్పు ప్లాన్ చేస్తున్నాను. అందులో 7,500 దాకా తారు రోడ్డే, మిగతాది కంకర, మట్టి, రెండు మూడు చోట్ల వాగు దాటాలి. బండి 210 కిలోలు, సామాను ఇంకో 40. ముందు 21, వెనక 18 అంగుళాల స్పోక్ చక్రాలు, రెండూ ట్యూబ్ టైర్లే. మిషెలిన్ అనాకీ అడ్వెంచర్ లాంటి 80/20 (నూటికి 80 వంతులు తారుకి, 20 మట్టికి) వేయాలా, అనాకీ వైల్డ్ లాంటి 50/50 వేయాలా? తోటి రైడర్లు ఇద్దరు ఉన్నారు, ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేస్తున్నారు. వాళ్ళిద్దరి మధ్య నాకు టెన్షన్.

నల్లరోడ్డు:
లెక్క మీరే చెప్పేశారు కదా. ఆరింట ఐదు వంతులు తారు అయినప్పుడు టైరూ తారుదే ఉండాలి. 50/50 అంటే రెండు పడవల మీద కాళ్ళు. ఒకసారి అలాంటి టైర్లు వేసుకుని వెళ్ళాను. వాన ఆగి పది నిమిషాలు కూడా కాలేదు, ఘాట్ దిగుతూ మలుపు దగ్గర బ్రేకు పట్టాను. ముందు ఏబీఎస్ టకటకా కొట్టుకుంటోంది కానీ బండి ఆగదే! అవతలి లేన్‌లోకి పోయి ఆగాను. ఎదురుగా ఎవరూ రాలేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. టైరు మీది రబ్బరు దిమ్మెలు, అదే బ్లాకుల మధ్య ఖాళీ ఎంత ఎక్కువైతే రోడ్డుకి తగిలే రబ్బరు అంత తక్కువ, పైగా పొడుగు బ్లాకులు బ్రేకు పట్టినప్పుడు వంగుతాయి. అరుగుదల సంగతి సరేసరి, బరువుతో తారు మీద పరిగెత్తితే వెనక నాబీ (పెద్ద బ్లాకుల) టైరు నడుమ చదునైపోతుంది, సగం దారిలో కొత్త టైరు వెతుక్కోవాలి.

బురదయోగి:
నల్లరోడ్డు అన్నా, తారు మీద నువ్వు చెప్పింది నిజమే. కానీ టైరు నిన్ను ఇబ్బంది పెట్టేది ఆ 7,500లో కాదు. జిగట మట్టిలో 80/20 వేసుకుని ఆరు కిలోమీటర్లు దాటడానికి నాకు మూడు గంటలు పట్టింది. సన్నటి గాళ్ళు మొదటి వంద అడుగుల్లోనే నిండిపోయాయి, ఆ తర్వాత అది టైరు కాదు, మట్టి పూసిన గుండ్రాయి. మడ్‌గార్డ్ కింద మట్టి బిగుసుకుని ముందు చక్రం తిరగడమే మానేసింది. పుల్లతో గీకడం, యాభై అడుగులు వెళ్ళడం, మళ్ళీ గీకడం. ఇంత దూరం హాయిగా వెళ్ళి అక్కడ ఇరుక్కుంటే ఏనుగు వెళ్ళి తోక చిక్కినట్టే. 50/50 వేసుకో బ్రదర్.

నల్లరోడ్డు:
అలాంటి జిగటలో 50/50 కూడా నిండిపోతుంది యోగీ. మట్టిని తనంతట తాను విసిరేయాలంటే పూర్తి నాబీ ఉండాలి, చక్రం స్పీడుగా తిరగాలి. 250 కిలోలతో ఆ పని చేస్తావా?

పాతలీవరు:
ఇద్దరూ ఆ అంకెల్ని మరీ నమ్ముతున్నారు. 80/20, 50/50 అనేవి కంపెనీలు తమకు తాము పెట్టుకున్న పేర్లు, వాటికి అందరూ ఒప్పుకున్న పరీక్ష అంటూ లేదు. ఒకరి 50/50 ఇంకొకరి 70/30లా ఉంటుంది. ట్రెడ్ కళ్ళతో చూడండి, బ్లాకుల మధ్య వేలు దూరుతుందో లేదో చూడండి.

నా మాట ఏంటంటే రెండు చక్రాలకూ ఒకే టైరు ఉండాలని రూలేమీ లేదు. వెనక చక్రం జారితే బండి తోక ఊపుతుంది, సాధారణంగా సర్దుకోవచ్చు. ముందు చక్రం జారితే సర్దుకునేలోపే కింద ఉంటారు. ఇంజిన్ లాగే లాగుడుకి త్వరగా అరిగేది వెనకది. అందుకని ముందు 50/50, వెనక 80/20. రెండూ రేడియలా, క్రాస్‌ప్లైనా (టైరు లోపలి దారాల అల్లిక రకాలు) చూసుకోండి, కంపెనీ చెప్తే తప్ప ఒకటి అది ఒకటి ఇది కలపకండి. లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరు మోయగల బరువు అంకె కూడా చూడండి, 69 అంటే 325 కిలోలు. స్పీడ్ రేటింగ్ క్యూ అయితే గంటకు 160 వరకే, కాంటినెంటల్ టీకేసీ 80 లాంటివి చాలా సైజుల్లో క్యూతోనే వస్తాయి.

టైరు కంటే ముందు గాలి గురించి మాట్లాడాలి అసలు. కంకర మీద తొట్రుపడుతున్నారంటే చాలాసార్లు తారుకి పెట్టిన గాలితోనే దిగి ఉంటారు. కొంత తగ్గిస్తే టైరు రాళ్ళ మీద పరుచుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. తారు ఎక్కగానే మళ్ళీ నింపాలి, తక్కువ గాలితో స్పీడుగా పోతే టైరు కాగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కొలవండి, గంట నడిపాక కొలవండి. నాలుగు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా పెరిగితే పర్వాలేదు, ఆరేడు పెరిగిందంటే పొద్దున తక్కువ పెట్టినట్టు.

నల్లరోడ్డు:
గాలి మాట ఒప్పుకుంటాను. కానీ తడి తారు మీద బ్రేకు పనంతా ముందు టైరుదే, అక్కడ బ్లాకుల టైరు పెట్టమంటారేంటి గురూ?

పాతలీవరు:
మంచి పాయింటే, అక్కడ నష్టం ఉంది, లేదనను. కాకపోతే వానలో వేగం తగ్గించుకోవడం నా చేతిలో ఉంది. ఇసుకలో ముందు చక్రం అడ్డం తిరిగితే నా చేతిలో హ్యాండిల్ తప్ప ఏమీ ఉండదు.

నల్లరోడ్డు:
కుక్క అడ్డం వచ్చినప్పుడు వేగం మీ చేతిలో ఉండదు. నేను మాత్రం రెండు వైపులా 80/20యే, వాన పడితే ఆ మట్టిదారి జోలికి పోను, ఆరేదాకా ఒక పూట ఆగుతాను.

బురదయోగి:
ఆగితే ఆరుతుందని గ్యారంటీ ఏముంది అన్నా 😀

కంకరబాట:
ముందు 50/50, వెనక 80/20 వేయించాను, రెండూ ఒకే అల్లికవే. కొనేటప్పుడు టైరు పక్కనున్న నాలుగంకెల తయారీ తేదీ కూడా చూశాను, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 300 కిలోమీటర్లు తిప్పాను. అరవై దాటితే ముందు టైరు గుయ్యిమంటోంది, మలుపులో బండి కాస్త బద్ధకంగా వాలుతోంది. నల్లరోడ్డు గారి ఘాట్ కథ మాత్రం మర్చిపోలేదు, తడిలో మెల్లగానే పోతాను.

ఇంకో సంగతి. దారిలో పంక్చరైతే ఎలా అని ఇంట్లోనే వెనక చక్రం విప్పి ట్యూబు మార్చి చూశాను. గంటా నలభై నిమిషాలు పట్టింది. తీరా గాలి కొడితే నిలవలేదు, కొత్త ట్యూబుకి టైరు ఎక్కించే లీవరుతో నేనే చిల్లు పెట్టాను.

పాతలీవరు:
ట్యూబుకి ఆకారం వచ్చేంత గాలి కొట్టి లోపల పెట్టండి, ఖాళీగా ఉంటే లీవరు కింద నలుగుతుంది. ఎదుటి వైపు టైరు అంచుని మోకాలితో రిమ్ము మధ్య గాడిలోకి తొక్కి పట్టండి, చివరి జానెడు లీవరు లేకుండానే ఎక్కుతుంది.